పెద్దవాళ్లు తోడు లేకుండా అమెరికా విమానం ఎక్కేటప్పుడు

శంషాబాద్‌లో ఎక్కితే మామూలుగా దుబాయ్, దోహా, అబుదాబి, ఢిల్లీల్లో ఎక్కడో ఒకచోట విమానం మారాలి. పెద్దవాళ్ల దిగులంతా ఆ మారే చోటే. అందుకే జాగ్రత్త టికెట్ కొనేటప్పుడే మొదలవ్వాలి. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి, మధ్యలో మూడు నుంచి ఐదు గంటల వ్యవధి ఉండాలి. వీల్‌చైర్ వాళ్లను విమానంలోంచి అందరికన్నా చివర దించుతారు, కాబట్టి గంటన్నర వ్యవధి ఏ మూలకూ చాలదు. పది, పదిహేను వేలు తగ్గుతుందని రెండుచోట్ల మారే టికెట్ మాత్రం కొనకండి.

అమెరికాలో దిగాక ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే ఒక చిక్కుంది. పెట్టెలకు శంషాబాద్‌లోనే చివరి ఊరి ట్యాగ్ వేసినా, మొదట దిగిన చోట వాటిని తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. ట్యాగ్ ఉంది కదా అని ఖాళీ చేతులతో వెళ్లిపోతే పెట్టెలు అక్కడే ఉండిపోతాయి. అబుదాబి మీదుగా నేరుగా అమెరికా వెళ్లే విమానాలకు ఇమిగ్రేషన్, కస్టమ్స్ అబుదాబిలోనే అయిపోతాయి. పెద్దవాళ్లకు అదే సుఖం.

వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడగండి, ఆలస్యమైనా 48 గంటల ముందు. మెట్లు ఎక్కగలరా, సీటు దాకా నడవగలరా అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. దాన్ని బట్టే ఏ రకం సాయమో రాసుకుంటారు. రెండో విమానం వేరే సంస్థదైతే ఈ కోరిక అక్కడికి చేరకపోవచ్చు, వాళ్లకు ఫోన్ చేసి విడిగా రూఢి చేసుకోండి. మారే చోట వీల్‌చైర్ వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడతారు. విసుగు పుట్టినా అక్కణ్నుంచి లేచి వెళ్లకూడదు. విమానానికి గంట ముందు కూడా ఎవరూ రాకపోతే బోర్డింగ్ పాస్ చూపించి అడగాలి.

మందులన్నీ చేతి సంచిలోనే, షాపువాళ్లిచ్చిన స్ట్రిప్‌లతోనే, మూడు నెలలకు మించకుండా. ఇన్సులిన్ పెట్టెలో వేస్తే కింద చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద మందు అసలు పేరు ఉండాలి, మన బ్రాండ్ పేర్లు అక్కడివాళ్లకు తెలియవు. పశ్చిమానికి వెళ్తుంటే, దిగే ఊరిని బట్టి, రోజు తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటల దాకా సాగుతుంది. షుగర్ మాత్ర, ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో డాక్టరు చేత మన టైము ప్రకారం రాయించి, చేతి గడియారాన్ని దిగేదాకా మార్చకండి. గల్ఫ్ మీదుగా వెళ్తుంటే గసగసాలు, అవి కలిపిన మసాలా పొడి వద్దు. యూఏఈలో అవి నిషేధం. ట్రమడాల్, కోడీన్ ఉన్న మాత్రలకూ అక్కడ ఆంక్షలున్నాయి. కరివేపాకు, పచ్చి కూరగాయలు, మాంసం పచ్చళ్లు అమెరికాలో తీసేస్తారు. తినేది ఏదున్నా ఉందనే చెప్పాలి, దాస్తేనే జరిమానా.

బాత్రూమ్‌కి లేవాలని నీళ్లు తాగడం మానేసేవాళ్లు చాలామంది. నడవా పక్క సీటు తీసుకుంటే ఆ మొహమాటం ఉండదు. రెండు గంటలకోసారి లేచి నడవాలి. కూర్చున్నప్పుడు మడమలు, మునివేళ్లు మార్చి మార్చి పైకెత్తుతుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. బిగుతు మేజోళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే. కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివాళ్లకు అవి చెరుపు చేస్తాయి.

ఇమిగ్రేషన్‌లో ఎందుకు వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్లు అని అడుగుతారు. పిల్లల చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్ ఒకే కాగితం మీద ఇంగ్లీషులో ముద్రించి పాస్‌పోర్ట్‌లో పెట్టండి. ఇంగ్లీషు రాకపోతే తలూపకుండా "తెలుగు" అంటే చాలు, ఫోన్లో దుబాసీని పిలవగలరు. ఇల్లు చేరాక పిల్లలు ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ప్రభుత్వం రాసుకునే రికార్డు) ఆన్‌లైన్‌లో తెరిచి గడువు తేదీ చూడాలి. వీసా పదేళ్లున్నా, ఉండగలిగేది ఆ తేదీ వరకే.