కొత్త సరుకు పాడైంది, అంగడివాళ్లు 'గడువు దాటింది' అంటున్నారు: ఏం చేయాలి?

నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్నా, ఒంగోలులో కొన్నా ఫ్యానుకో మిక్సీకో ఇచ్చే బిల్లు అడుగున ఓ ముద్ర కనిపిస్తుంది: 'మార్పిడి 7 రోజుల్లోపే'. అది అంగడి పెట్టుకున్న గడువు. సరుకులో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన గడువు 2 ఏళ్లు. ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు. రంగు నచ్చలేదనో, పక్క అంగడిలో చవకనో తిరిగిస్తామంటే మాత్రం ఈ చట్టం ఆదుకోదు.

1. కొన్న రోజే
బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. అది లేకపోతే 'ఈ పీసు మేం అమ్మింది కాదు' అనేస్తారు. థర్మల్ కాగితం బిల్లు మన ఎండలకు నెలల్లోనే తెల్లబోతుంది, వెంటనే ఫొటో తీయండి. వారంటీ కార్డు మీద తేదీ, అంగడి ముద్ర వేయించుకోండి.

2. పాడైన రోజే
వీధి మెకానిక్ దగ్గర విప్పించకండి. సీలు తెగిందంటే వారంటీ లేదంటారు. సీరియల్ నంబరు, లోపం రెండూ కనిపించేలా ఆపకుండా ఒకే వీడియో తీయండి.

3. జాబ్ షీటు
జాబ్ షీటంటే బాగుచేయడానికి వచ్చిన కంపెనీ మనిషి రాసిచ్చే కాగితం. చాలా కేసులు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. కంపెనీ మనిషి వచ్చి 'వోల్టేజి ఎక్కువై కాలింది' అని నోటితో చెప్పి పోతే ఒప్పుకోకండి. ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది అన్నది షీటులో రాయమనండి, కాలిన భాగం ఫొటో తీసుకోండి. అదే లోపానికి రెండోసారి, మూడోసారి వచ్చినా ప్రతిసారీ కొత్త షీటు తీసుకోండి. తయారీలోనే లోపం ఉందని చూపడానికి ఇవే ఆధారం. పని కాకముందే ఓటీపీ అడిగితే చెప్పొద్దు. చెబితే ఫిర్యాదు 'పరిష్కారమైంది' అని మూసేసే వీలుంటుంది.

4. నోటీసు
'కంపెనీతో మాట్లాడుకోండి' అని అంగడివాళ్లు తప్పుకోలేరు, డబ్బు తీసుకుంది వాళ్లే. అంగడికీ కంపెనీకీ ఇద్దరికీ రాయండి: కొన్న తేదీ, ధర, లోపం, జాబ్ షీటు నంబర్లు, మీరడిగేది మార్పిడా వాపసా, 15 రోజుల గడువు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, చేరినట్టు రుజువు దాచండి.

5. ఫిర్యాదు
ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. సరుకు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లోనూ వేయొచ్చు. చెన్నైలో కొన్నా, మీరుండేది నెల్లూరైతే కేసు నెల్లూరులోనే వేయొచ్చు. అంగడినీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లోపం తేల్చడానికి ల్యాబు పరీక్ష అవసరమైతే కమిషనే పంపిస్తుంది. అలాంటి కేసు 5 నెలల్లో, పరీక్ష అక్కర్లేనిది 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, వాయిదాలకు సిద్ధపడే వెళ్లండి.

రొయ్యల చెరువుకు ఏరియేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) కొన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. వ్యాపారం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. సొంతంగా పని చేసుకుంటూ బతుకుతెరువు కోసమే కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. మీది అదే అయితే ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి, లేకపోతే అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.