షాట్‌గన్ మీద రెడ్ డాట్ కుదరనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

టెక్సస్‌లో స్థిరపడి, వసంతకాలంలో అడవి టర్కీ కోళ్ళ వేటకు వెళ్ళే తెలుగు మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: షాట్‌గన్ మీద ఏ రెడ్ డాట్ (గాజులో ఎర్రటి చుక్కను చూపి గురి పెట్టించే సైటు) పెట్టుకోవాలి? దానికి ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. బాగాలేదని పక్కన పెట్టేసిన సైట్లలో చాలావాటికి అసలు లోపమే లేదు. ఆ తుపాకీకి, దాన్ని పట్టుకున్న మనిషి చెక్కిలికి, కంటికి అవి అమరలేదు, అంతే. అందుకే కొత్తది కొనేముందు ఉన్నదానితో వస్తున్న ఇబ్బంది ఏమిటో గుర్తించడం మంచిది. కొనవలసింది ఏమిటో, కొన్నిసార్లు కొనవలసిన అవసరమే లేదేమో, ఆ ఇబ్బందే చెబుతుంది.

కింద చెప్పిన ప్రతి పరీక్షకూ ముందు తుపాకీలోని తూటాలన్నీ తీసివేసి, చాంబరును (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటును) కంటితోనూ వేలితోనూ చూసుకొని, తూటాలను మరో గదిలో పెట్టండి. ఇంకొక మాట. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దానికున్న మినహాయింపుల్లో ఒకటి. కనుక ఆ లైసెన్సు గడువు తీరకుండా చూసుకోవడం సైటు ఎంపిక కంటే ముందు చేయవలసిన పని.

తుపాకీ భుజానికి ఎత్తగానే డాట్ కనిపించదు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. బ్యారెల్ చివరి పూసను చూసి కాల్చడానికి తయారైన స్టాక్ (భుజానికి ఆనే వెనుక భాగం) మీద చెక్కిలి ఆనిస్తే కన్ను బ్యారెల్ పైభాగానికి కొద్దిగా మాత్రమే ఎత్తున నిలుస్తుంది. రిసీవర్ (బ్యారెల్ వెనుక యంత్రభాగాలు ఉండే పెట్టె) మీద ముందు పికటిన్నీ రెయిల్ (సైట్లు బిగించే గాళ్ళ పట్టీ), దాని మీద మౌంటు, దాని మీద సైటు పెట్టేసరికి గాజు మధ్యభాగం కంటి కంటే అంగుళం వరకు పైకి పోతుంది. అప్పుడు డాట్ కోసం చెక్కిలి ఎత్తి, గడ్డాన్ని మాత్రమే స్టాక్‌కు ఆనించవలసి వస్తుంది. అలా తల గాలిలో ఉంచి కాల్చినప్పుడు 12 గేజ్ తుపాకీ (మన దగ్గర 12 బోరు అనేది ఇదే) తన్నే తన్ను నేరుగా దవడకు తగులుతుంది.

కారణాన్ని నిర్ధారించుకోవడం సులభం. కళ్ళు మూసుకొని, ఖాళీ తుపాకీని అలవాటు ప్రకారం భుజానికి ఎత్తి, చెక్కిలి హాయిగా ఆనిన తరువాత కళ్ళు తెరవండి. డాట్ గాజు కింది అంచున ఉన్నా, పూర్తిగా మాయమైనా, కన్ను సైటు కంటే కిందుగా ఉందని అర్థం. పై అంచున ఉంటే కన్ను మరీ పైకి వచ్చిందని అర్థం. ఒకసారి కాదు, పదిసార్లు ఇలా ఎత్తి చూడండి, ఎందుకంటే మొదటి రెండు మూడు సార్లు మెడ తెలియకుండానే సర్దుకుంటుంది.

దీనికి పరిష్కారం సైటును కిందికి దించడం, లేదా చెక్కిలిని పైకి లేపడం. దించడమే మేలని నా అభిప్రాయం. మాస్‌బర్గ్ 940 ప్రో టర్కీ వంటి తుపాకుల రిసీవర్‌లోనే సైటు కూర్చునే గాడి చెక్కి ఉంటుంది కనుక, చిన్న సైటు అందులో కూర్చుంటే పూసకు అలవాటుపడిన మెడ పెద్దగా మారనక్కరలేదు. గాడి లేని తుపాకీ అయితే, బర్రిస్ స్పీడ్‌బీడ్ తరహాలో స్టాక్‌కూ రిసీవర్‌కూ మధ్య ఇమిడే పలక మీద సైటును తక్కువ ఎత్తులో నిలిపే మౌంటు ఆ మోడల్‌కు దొరుకుతుందేమో చూడండి. రెండూ కుదరకపోతే స్టాక్ పైన అంటించే మెత్తటి కోంబ్ ప్యాడ్‌తో చెక్కిలిని కొద్దికొద్దిగా పైకి తెచ్చుకోవచ్చు. కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకులతో పాటే వచ్చే షిమ్‌లు (స్టాక్ మొదట్లో పెట్టే పలుచటి బిళ్ళలు) కూడా స్టాక్ వాలును మారుస్తాయి. వాటిని పెట్టెలోంచి బయటికైనా తీయకుండా కొత్త మౌంటు కోసం డబ్బు పెట్టినవారిని చూసి నాకు బాధ కలిగింది.

డాట్ చుక్కలా కాక తోకచుక్కలా కనిపిస్తుంది

డాట్ సాగినట్లు, చీలినట్లు, లేదా ద్రాక్షగుత్తిలా కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది కంటిని. ఆస్టిగ్మాటిజం (కంటి ముందుభాగపు వంపు సమంగా లేకపోవడం) ఉన్నవారికి ఇది సర్వసాధారణం. సైటును తుపాకీ నుంచి విప్పి, చేతిలో పట్టుకొని, దాని గుండా చూస్తూ మెల్లగా తిప్పండి. డాట్ ఆకారం సైటుతో పాటు తిరిగితే లోపం సైటుది. సైటు తిరిగినా ఆకారం కదలకుండా ఉంటే లోపం కంటిది. సెల్‌ఫోన్ కెమెరాతో డాట్‌ను ఫొటో తీసి చూడటం మరో పరీక్ష, ఎందుకంటే కెమెరాకు ఆస్టిగ్మాటిజం ఉండదు.

కంటిదే లోపమైతే మొదట డాట్ వెలుతురు తగ్గించి చూడండి. కళ్ళద్దాల నంబరు సరిచేయించుకుంటే చాలామందికి డాట్ తిరిగి గుండ్రంగా కనిపిస్తుంది. అప్పటికీ కుదరనివారు గాజు మీదే గీతలు చెక్కిన ప్రిజం సైటును ఎంచుకోవాలి. దాని బరువు ఎక్కువ, కన్ను ఒక నిర్ణీత దూరంలోనే ఉండాలి. అయినా చీలిన డాట్‌తో పక్షిని గాయపరచడం కంటే అది మేలు.

డాట్ పరిమాణం కూడా ఇక్కడే తేల్చుకోండి. దాన్ని ఎంఓఏ అనే కోణపు కొలతలో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దూరంలో సుమారు ఒక అంగుళం. ఆ లెక్కన 3 ఎంఓఏ డాట్ 40 గజాల వద్ద అంగుళంన్నర లోపు, 6 ఎంఓఏ డాట్ రెండున్నర అంగుళాల మేర కప్పుతుంది. టర్కీ కోడి తలకూ మెడకూ గురిపెట్టేవారికి మొదటిది నప్పుతుంది. ఎగిరే పక్షుల మీద కంటికి త్వరగా అందేది రెండవది.

గురి నిలవదు, ఒక్కొక్క వేటకు ఒక్కొక్క చోట తగులుతుంది

దీనికి కారణం సాధారణంగా స్క్రూలలో ఉంటుంది. మూడున్నర అంగుళాల టర్కీ తూటా ఇచ్చే తన్నుకు, నూనె తుడవకుండా చేతి అంచనాతో బిగించిన మరలు పది ఇరవై తూటాలకే వదులవుతాయి. సైటు విప్పి, స్క్రూలనూ రంధ్రాలనూ ఆల్కహాల్‌తో తుడిచి, నీలి రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, మాన్యువల్‌లో చెప్పిన ఇంచ్-పౌండ్ల మేరకు టార్క్ రెంచ్‌తో బిగించి, ఒక రోజు ఆరనివ్వండి. ఎరుపు రంగుది వాడకండి, దాన్ని మళ్ళీ విప్పాలంటే బాగా వేడి చేయవలసి వస్తుంది. అల్యూమినియం రిసీవర్‌లో అతిగా బిగిస్తే మర అరిగిపోతుంది. స్క్రూ మరీ పొడవైతే లోపలికి పొడుచుకొచ్చి బోల్టుకు (రిసీవర్‌లో ముందుకూ వెనక్కూ జరిగే భాగానికి) తగులుతుంది, మరీ పొట్టిదైతే రెండు మూడు చుట్లే పట్టి నిలబడదు.

స్క్రూలు గట్టిగానే ఉన్నా గురి మారుతుంటే, సైటు అడుగుభాగం అచ్చు రిసీవర్ గాడికి సరిగ్గా సరిపోయిందో లేదో చూడండి. ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్ అచ్చు వేరు, షీల్డ్ ఆర్‌ఎంఎస్‌సీ అచ్చు వేరు. బర్రిస్ ఫాస్ట్‌ఫైర్, వోర్టెక్స్ వెనమ్ కూర్చునే అచ్చు ఇంకొకటి. హోలోసన్ 507కే అచ్చు ఆర్‌ఎంఎస్‌సీకి దగ్గరగానే ఉన్నా పూర్తిగా అదే కాదు. కాబట్టి ముందు తుపాకీ అచ్చు ఏదో తెలుసుకొని, ఆ తరువాతే సైటును ఎంచుకోవాలి.

జింకల వేటకు స్లగ్ (గుళికలకు బదులు ఒకే పెద్ద గుండు ఉన్న తూటా) కాల్చేవారికి మరొక కారణం ఉంది. చాలా షాట్‌గన్లలో బ్యారెల్ విప్పి తీసేందుకు వీలుగా ఉంటుంది కనుక, రిసీవర్‌తో దాని పట్టు రైఫిల్‌లో ఉన్నంత గట్టిది కాదు. రిసీవర్ మీద ఉన్న సైటుకు బ్యారెల్ కదలిక తెలియదు. మౌంటు బ్యారెల్‌కే అతికి, రిసీవర్ మీదుగా వెనక్కి సాగే కాంటిలివర్ బ్యారెల్ దీనికి సరైన జవాబు.

తూటా మార్చినా, చోక్ (గుళికలు ఎంత దట్టంగా పోవాలో నిర్ణయించే బ్యారెల్ చివరి ఇరుకు) మార్చినా గుళికలు పడే చోటు మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 25 గజాల దగ్గర చవకైన తేలిక తూటాలతో మొదలుపెట్టి, ఆ తరువాత వేటలో వాడే తూటాతోనే 40 గజాల వద్ద పెద్ద కాగితం మీద కాల్చి, గుళికలు దట్టంగా పడిన చోటును బట్టి సర్దండి. ఒక్క తూటాను చూసి నిర్ణయించవద్దు. ఒక క్లిక్కుకు ఒక ఎంఓఏ కదిలే సైటులో 25 గజాల వద్ద ఆరు అంగుళాలు జరపాలంటే సుమారు 24 క్లిక్కులు కావాలి. రెండు మూడు క్లిక్కులు తిప్పి సైటు పనిచేయడం లేదనుకోవడం సరికాదు.

గుడారంలో కూర్చుంటే డాట్ మసకబారుతుంది

ఇది తనంతట తానే వెలుతురు సర్దుకునే సైట్లకు వచ్చే చిక్కు. వేటగాడు దాక్కునే నల్లటి గుడారం లోపలి చీకటిని సెన్సరు కొలిచి డాట్‌ను తగ్గిస్తుంది, మీరేమో ఎండపడిన గడ్డిమైదానం వైపు చూస్తుంటారు. వెలుతురును బటన్లతో చేత్తో మార్చుకోగల సైటునే కొనండి. తెల్లవారుజామున తక్కువలో ఉంచి, పొద్దెక్కేకొద్దీ పెంచుకోవచ్చు. బ్యాటరీ పైనుంచో పక్కనుంచో మార్చే ఏర్పాటు ఉండాలి. అడుగున ఉంటే మార్చిన ప్రతిసారీ సైటు విప్పి, గురి మళ్ళీ సరిచూసుకోవలసి వస్తుంది.

వానలో డాట్ రెండు మూడుగా చీలుతుంది, లేదా ఆరిపోతుంది

గాజు వెనుక దీపం బయటికి తెరిచి ఉన్న సైటులో ఒక నీటిబొట్టు దాని మీద నిలిస్తే చాలు. బాతుల వేటకు, మంచులో వేటకు దీపం పూర్తిగా మూసి ఉన్న సైటునే తీసుకోవాలి. పొడి వాతావరణంలో టర్కీ వేటకు మాత్రమే వెళ్ళేవారికి ఆ అదనపు ఖర్చు అవసరం లేదు.

ఎగిరే పక్షి ప్రతిసారీ తప్పిపోతుంది

డాట్ చక్కగా కనిపిస్తూ, కాగితం మీద గురి సరిగ్గా ఉండి కూడా పక్షి వెనుకే గుళికలు పోతుంటే, మీరు పక్షిని కాక డాట్‌ను చూస్తున్నారు. చూపు డాట్ మీద ఆగగానే తుపాకీ ఊపు కూడా ఆగుతుంది. రెండు కళ్ళూ తెరిచి పక్షి మీదే చూపు నిలిపి, డాట్‌ను అంచున మాత్రమే గమనిస్తూ ఇంట్లో ఖాళీ తుపాకీతో గోడ అంచు వెంబడి ఊపడం సాధన చేయండి, ఆ తరువాత క్లే పావురాల (గాలిలోకి విసిరే మట్టి బిళ్ళల) మీద రెండు మూడు వారాలు కాల్చండి. అప్పటికీ చూపు డాట్ దగ్గరే ఆగిపోతుంటే, పక్షుల వేటకు పోయే తుపాకీ మీద నుంచి దాన్ని తీసివేసి మళ్ళీ పూసతోనే కాల్చండి, డాట్‌ను టర్కీ తుపాకీకి ఉంచుకోండి.