షీఫ్‌స్పీగ్లర్‌లో నక్షత్రం చుక్కలా రావట్లేదా?

సినిమాలు తీసిన జర్మన్ ఆంటన్ కుటర్ రూపొందించిన ఈ టెలిస్కోప్‌లో, చిన్న అద్దం వెలుతురుకి అడ్డం రాకుండా రెండు అద్దాల్నీ ఏటవాలుగా బిగిస్తారు. చంద్రుడూ గ్రహాలూ అంత స్ఫుటంగా కనబడేది అందుకే, సెట్టింగ్ తలనొప్పి కూడా అందుకే.

సమస్య: ఫోకస్‌కి ఇటు నిలువు గీత, అటు అడ్డ గీత

ఇది ఆస్టిగ్మాటిజం, అంటే నిలువు దిశలో, అడ్డ దిశలో వెలుతురు వేర్వేరు దూరాల్లో ఫోకస్ అవడం. తల పక్కకి వంచి, గీత తలతో పాటు తిరిగితే దోషం కంటిదేనని పట్టుకునే చిట్కా ఇక్కడ పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఎఫ్/25లో (ఫోకస్ దూరం అద్దం వ్యాసానికి 25 రెట్లు) 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) పెడితే కంట్లోకి వచ్చే వెలుతురు కట్ట 1 మి.మీ. మందమే, అంత సన్నని కట్టలో కంటి దోషం దాదాపు కనబడదు. దానికి బదులు, పెద్ద అద్దాన్ని దాని సెల్‌ (బిగించే చట్రం)లోనే కొంచెం తిప్పి చూడండి. గీత అద్దంతో పాటు తిరిగితే అద్దం అరగదీతలోనే తేడా ఉన్నట్టు, స్క్రూలతో పోదు. కదలకపోతే గీత దిశ చూడండి. అద్దాలు వాలిన దిశలోనో, దానికి సరిగ్గా అడ్డంగానో ఉంటే చిన్న అద్దం వాలు సరిపోలేదు, ఆ ఒక్క దిశలోనే స్క్రూ కొద్దికొద్దిగా తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ మధ్యకి తెచ్చి చూడండి. ఐమూలగా ఉంటే మాత్రం అద్దం పక్కకి జరిగిందన్నమాట, లేదా క్లిప్పులు అద్దాన్ని నొక్కుతున్నాయి. నేను రెండు రాత్రులు స్క్రూలతో కుస్తీ పట్టాక తేలింది క్లిప్పే! కాగితం ముక్క దూరేంత వదులు చాలు.

సమస్య: ఒక పక్కకే తోక

ఇది కోమా, అంటే నక్షత్రం తోకచుక్కలా ఒక పక్కకి సాగే దోషం. అనుమానముంటే పెద్ద అద్దం ముందు సగం వ్యాసం రంధ్రమున్న అట్ట పెట్టండి: కోమా నాలుగో వంతుకి పడిపోతుంది, ఆస్టిగ్మాటిజం సగమే తగ్గుతుంది. దీనికీ అదే స్క్రూ, కానీ కోమా పోయే వాలూ ఆస్టిగ్మాటిజం పోయే వాలూ ఒకటి కావు, రెండు గోళాకార అద్దాలతో రెండూ ఒకేసారి సున్నా చేయలేం. 110 మి.మీ. అద్దం, బాగా పొడవాటి ఫోకస్ అయితే మిగిలేది కంటికి ఆనదు. అంతకన్నా పెద్దదైతే చిన్న అద్దాన్ని పట్టీతో కాస్త వంచడమో, దారిలో బలహీనమైన లెన్స్ పెట్టడమో చేయాలి.

సమస్య: ఫొటోలో ఒక అంచు స్పష్టం, ఇంకో అంచు మసక

ఇక్కడ అద్దాలు ముట్టుకోకండి. ఈ డిజైన్‌లో బింబం ఏర్పడే తలమే వాలుగా ఉంటుంది, కెమెరాని ఆ మేరకు వాలిస్తే సరి.