బ్యాకప్ వేరే హార్డ్ డిస్కులోకి పోకుండా యూయూఐడీతో కట్టేయడం ఎలా?

నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల ఫోటో స్టూడియోల్లో ఒక్కో కంప్యూటర్‌కు మూడు నాలుగు హార్డ్ డిస్కులు తగిలించి ఉంటాయి. మాఘమాసం పెళ్ళిళ్ల వీడియోలు ఒకదాంట్లో, వాటి బ్యాకప్ ఇంకోదాంట్లో. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వాడేవాళ్లు బ్యాకప్ రాత్రిపూట దానంతటదే నడిచేలా పెట్టుకుంటారు. చిక్కు అక్కడే వస్తుంది. డిస్కులకు లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు అవి సిస్టమ్‌కు కనబడిన వరుసను బట్టి వస్తాయి. కరెంటు పోయి వచ్చాక వరుస మారిందంటే నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ అయిపోవచ్చు. అసలు ఫుటేజీ మీద బ్యాకప్ పడితే ఆ పెళ్ళిని మళ్లీ తీసివ్వడం ఎవరి తరమూ కాదు.

అందుకే డిస్కు లోపల రాసి ఉన్న నంబరునే పట్టుకోవాలి. దాన్నే యూయూఐడీ అంటారు. ‘చింతచెట్టు పక్క చెలక’ అనడానికీ, సర్వే నంబరు చెప్పడానికీ ఉన్నంత తేడా ఇది.

ఈ నంబరును డిస్కు తగిలించినప్పుడు సిస్టమ్ ఇస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫార్మాట్ కొట్టినప్పుడే అది పుడుతుంది. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ అయితే 128 బిట్ల యూయూఐడీ తయారై సూపర్‌బ్లాక్‌లో చేరుతుంది. పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) మొదట్లో 1024 బైట్లు వదిలాక, ఆ ఫార్మాట్ వివరాలు రాసి ఉండే చోటే సూపర్‌బ్లాక్. తెరమీద హైఫన్లతో కలిపి 36 అక్షరాలు కనిపిస్తాయి. మామూలుగా అందులో 122 బిట్లు ఎటూ పొంతన లేని అంకెలే కాబట్టి రెండు డిస్కులకు పొరపాటున ఒకే నంబరు రావడం దాదాపు అసాధ్యం. పెన్‌డ్రైవుల్లో ఉండే ఎఫ్‌ఏటీ32కు మాత్రం 32 బిట్లే, అంటే అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి 8. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు అలాంటివే 16. చిన్న నంబరు చూసి డిస్కు పాడైందని కంగారుపడొద్దు.

ఇక పని మొదలుపెడదాం.

1. ఉబుంటులో ‘డిస్క్స్’ అప్లికేషన్ తెరవండి. ఎడమవైపు బ్యాకప్ డిస్కును, తర్వాత దాని పార్టిషన్‌ను ఎంచుకోండి. కింద యూయూఐడీ కనిపిస్తుంది. సైజు చూసి అది మీరనుకున్న డిస్కేనని తేల్చుకోండి.

2. పళ్లచక్రం గుర్తు నొక్కి ‘ఎడిట్ మౌంట్ ఆప్షన్స్’లోకి వెళ్లండి. మౌంట్ అంటే డిస్కును ఒక ఫోల్డర్‌కు కలిపి, అందులోంచి తెరుచుకునేలా చేయడం. ‘యూజర్ సెషన్ డిఫాల్ట్స్’ ఆపేయండి. ‘మౌంట్ పాయింట్’ దగ్గర ఎంఎన్‌టీ కింద ఒక ఫోల్డర్ పేరివ్వండి. ‘ఐడెంటిఫై యాజ్’ జాబితాలో యూయూఐడీతో మొదలయ్యే వరుసను ఎంచుకోండి. అసలు పని ఇదే. ఆప్షన్లలో ‘నోఫెయిల్’ అనే మాట ఉంటే ఉంచండి. అది లేకపోతే డిస్కు తగిలించని రోజున కంప్యూటర్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

3. బ్యాకప్ ప్రోగ్రామ్‌లో ఎస్‌డీబీ ఉన్నచోట ఆ ఫోల్డర్ పేరు పెట్టండి.

‘నోఫెయిల్’తో ఒక ప్రమాదం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. డిస్కు లేకపోయినా ఫోల్డర్ ఉంటుంది కదా, బ్యాకప్ అంతా అందులో పడి సిస్టమ్ డిస్కు నిండిపోతుంది. అందుకే బ్యాకప్ నడిపే స్క్రిప్టు (కమాండ్ల ఫైలు) మొదట్లో ‘మౌంట్‌పాయింట్’ కమాండ్‌తో ఆ ఫోల్డర్ నిజంగా మౌంట్ అయిందో లేదో చూసుకోవాలి. మౌంట్ కాకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి.

4. కంప్యూటర్ ఆపి, కేబుళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ ఆన్ చేయండి. బ్యాకప్ అదే డిస్కుకు వెళ్తే పని అయినట్టే.

డిస్కును మొత్తంగా క్లోన్ చేసినప్పుడు, అంటే ఉన్నదున్నట్టు ఇంకో డిస్కుకు నకలు తీసినప్పుడు, యూయూఐడీ కూడా కాపీ అవుతుంది. ఈఎక్స్‌టీ4 అయితే ఆ రెండింట్లో ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. లినక్స్‌లోని ఇంకో ఫార్మాట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండోదాన్ని మౌంట్ చేయనివ్వదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫార్మాట్ అయితే రెండింటినీ ఒకేసారి తగిలించనే వద్దు, డేటా పాడవుతుంది. ఈఎక్స్‌టీ4 క్లోన్‌కు కొత్త నంబరు ఇవ్వాలంటే అసలు డిస్కు తీసేసి, క్లోన్‌ను అన్‌మౌంట్ చేసి, ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’ కమాండ్‌కు హైఫన్, పెద్ద యు, ఆ తర్వాత ‘రాండమ్’, చివర పార్టిషన్ పేరు ఇవ్వండి. సిస్టమ్ బూటయ్యే డిస్కు మీద మాత్రం ఇది చేయొద్దు. సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్, ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు పాత నంబరు కోసమే వెతుకుతాయి.

మూఢంలో పాత డిస్కులు ఖాళీ చేసి ఫార్మాట్ కొట్టే స్టూడియోవాళ్లు రెండో మెట్టు మళ్లీ చేయాలి. ఫార్మాట్‌తో నంబరు కూడా మారిపోతుంది.