చిట్టెలుకలు పిల్లలు పెట్టడం లేదా? ముందుగా గదిని రాత్రి రెండింటికి చూడండి

ప్రయోగశాలల జంతుశాలల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. "నెల రోజులైంది జతలు కట్టి, ఒక్క ఈతా లేదు. దాణా మార్చమంటారా?" మార్చవద్దు. కొత్త జతలూ కట్టవద్దు. పది జతలతో రానిది ఇరవై జతలతో రాదు. ఊరికే మరో ఇరవై ప్రాణాలను కేజ్‌లలో కూర్చోబెట్టినట్టు అవుతుంది, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే ఎథిక్స్ కమిటీకి ఒక సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది.

ఎద అంటే ఏమిటో, ప్లగ్ (జతకట్టాక ఆడదాని యోనిలో గట్టిపడి కనబడే ముద్ద) ఎలా చూడాలో, తోక ఎలా పట్టుకోవాలో తెలిసినవారికే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు

నీటిసీసా గొట్టం చివర వేలు పెట్టి నొక్కండి. చుక్క దిగాలి. సీసా నిండుగా కనబడితే నీళ్ళు అందుతున్నాయని అనుకోకండి. గొట్టంలో గాలిబుడగ ఇరుక్కుంటే సీసా వారం రోజులు నిండుగానే ఉంటుంది, లోపలిది దాహంతో చస్తుంది. పాలిచ్చే తల్లికి ఒక్క రాత్రి నీళ్ళు అందకపోయినా పిల్లలు దక్కకపోవచ్చు.

తర్వాత కేజ్ కార్డు మీద వయసు చదవండి. 8 నెలలు దాటిన ఆడదాన్నో, ఏడాది నిండిన మగదాన్నో పెట్టుకుని వైరస్ పరీక్షలు చేయించినవారిని నేను చూశాను. మగదాని కేజ్‌లోకే ఆడదాన్ని వదలాలి, ఆడదాని కేజ్‌లోకి మగదాన్ని కాదు. ఇది అందరికీ తెలుసు, సగం మంది పాటించరు.

ప్లగ్ కనబడదు, కడుపు రాదు

చిట్టెలుక 4, 5 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. రెండు చక్రాలు గడిచినా ప్లగ్ లేకపోతే, ఆడవాటిని అంతకుముందు గుంపుగా ఉంచారేమో గుర్తు తెచ్చుకోండి. మగవాసన లేకుండా ఆడవి గుంపుగా ఉంటే వాటి ఎద మందగిస్తుంది. మగదాని మూత్రంతో తడిసిన పొట్టు ఒక గుప్పెడు తీసి వాటి కేజ్‌లో వేయండి. మూడో రాత్రికి చాలావరకు ఎదకు వస్తాయి. దీన్నే విటెన్ ప్రభావం అంటారు. ఖర్చు లేని మందు.

ప్లగ్ కనబడి కూడా కడుపు నిలవకపోతే, జతకట్టిన మొదటి కొద్ది రోజుల్లో దాని దగ్గరకు వేరే మగది, లేదా దాని వాసన వచ్చిందేమో చూడండి. కొత్త మగదాని వాసనకే కడుపు పోవచ్చు. 1959లో హిల్డా బ్రూస్ అనే శాస్త్రవేత్త బయటపెట్టిన సంగతి ఇది. కేజ్‌లు కడిగేటప్పుడు పొట్టు కలగలిసినా చాలు.

ఈ రెండూ కాదంటే గది వెలుతురును అనుమానించండి. నన్ను ఈ విషయం గట్టిగా దెబ్బకొట్టింది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నేను చూసుకునే గదిలో అప్పట్లో సి57 బ్లాక్6 అనే నల్ల చిట్టెలుక జాతి జతలు పన్నెండు ఉండేవి. ఎండాకాలంలో ఈతలు తగ్గాయి, వానలు మొదలయ్యేసరికి పూర్తిగా ఆగిపోయాయి. ఏసీ అనుకున్నాను, బాగానే ఉంది. దాణా బస్తా మార్చాను. మగవాటిని మార్చాను. ఊక బదులు మొక్కజొన్న కంకి పొట్టు వేయించాను. మూడు నెలలు పోయాయి. గోడ మీద టైమర్ పెట్టె ఉంది, దాని మీద ఉదయం 6 నుంచి సాయంత్రం 6 అని నా చేతిరాతతోనే చీటీ అంటించి ఉంది. నేను గదిలోకి వెళ్ళేది పదకొండున్నరకు. అప్పటికి దీపాలు వెలుగుతూనే ఉండేవి. ఇక అనుమానం ఎందుకు వస్తుంది?

నిజం చెప్పింది కేజ్‌లు కడిగే ఆయన, అదీ వేరే మాటల మధ్య. "తొమ్మిదింటికి వచ్చేసరికి గది చీకటిగా ఉంటోంది సార్. ట్యూబులు పాడయ్యాయనుకుని పక్క స్విచ్ నేనే వేస్తున్నాను."

పెట్టె మూత తీసి చూశాను. చుట్టూ చిన్న మీటలున్న గుండ్రటి టైమర్ అది. దీపాలు జనరేటర్ లైనులో ఉన్నాయి, టైమర్‌ను తిప్పే మోటారు మాత్రం మామూలు కరెంటు లైనులో ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ దీపాలు వెలుగుతూనే ఉంటాయి, టైమర్ గడియారం మాత్రం ఆగిపోతుంది. కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచి మళ్ళీ తిరుగుతుంది. ఎండాకాలం కోతలన్నీ కలిసి దాన్ని ఐదు గంటలు వెనక్కి నెట్టాయి. ఉదయం 6కు వెలగవలసినవి 11కు వెలుగుతున్నాయి, రాత్రి 11కు ఆరుతున్నాయి. ఆయన తొమ్మిదింటికి వేసిన పక్క స్విచ్‌ను కొన్ని రోజులు తీసేవాడు, కొన్ని రోజులు మరచిపోయేవాడు. మరచిపోయిన రోజు గదిలో 24 గంటలూ పగలే.

ఆయన తప్పేమీ లేదు. పదకొండుకు టైమర్ దీపాలు వెలిగాక ఆ స్విచ్ వేసి ఉందో లేదో ఎవరికీ తెలియదు.

చిట్టెలుకకు చీకటి అంత అవసరమా అని అడుగుతారు. అండం విడుదలకు మెదడు పంపే హార్మోను ఉప్పెన గది వెలుతురు లెక్క మీదే వస్తుంది, మామూలుగా దీపాలు ఆరే వేళకు. జత కట్టడం నడిరాత్రి. ఆ లెక్క రోజుకో రకంగా ఉంటే ఎద కూడా రోజుకో రకంగా ఉంటుంది. ఎలుకల్లో, అంటే పెద్ద ఎలుకల్లో, ఎడతెగని వెలుగు పెడితే ఎద గుర్తులు అలాగే నిలిచిపోతాయి, అండం మాత్రం విడుదల కాదు. చిట్టెలుకల్లో చక్రం సాగిపోతుంది, గాడి తప్పుతుంది. తెల్ల జాతులకైతే కళ్ళూ పోతాయి, ముఖ్యంగా పై అరలోని కేజ్‌లలో. నేల నుంచి మీటరు ఎత్తులో వెలుతురు 325 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటవలసిన పని లేదు.

నా కళ్ళముందే ఉండి నేను పట్టించుకోని గుర్తు ఇంకొకటి ఉంది. మంచి గదిలో ఉదయం పదింటికి చిట్టెలుకలు గూట్లో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతూ ఉండాలి. నా గదిలో మూత కమ్మీలకు వేలాడుతూ కనబడేవి. హుషారుగా ఉన్నాయని సంతోషించాను.

ఎలా పట్టుకోవాలంటే, ఒక పాత ఫోనును స్పిరిటుతో తుడిచి, చార్జరు పెట్టి, గోడ గడియారానికి ఎదురుగా నిలబెట్టండి. తెర వెలుగు బయటికి రాకుండా గుడ్డ కప్పి, సాయంత్రం నుంచి ఉదయం వరకు వీడియో తీయనివ్వండి. వీడియో నల్లగా రావాలి. ఏ గంటలోనైనా గడియారం ముళ్ళు చదవగలిగితే ఆ గంటలో గదిలో వెలుగు ఉన్నట్టే. ఒక్క రాత్రి చాలదు, వారం చూడండి. టైమర్ సరిగానే ఉన్నా తలుపు అద్దంలోంచి వరండా బల్బు వెలుగు, రౌండ్లకు వచ్చే కాపలాదారు టార్చి, స్టెబిలైజర్ మీద పచ్చ దీపం దొరుకుతాయి. అద్దానికి ఎర్ర ఫిల్ము వేయండి, చిట్టెలుకల కంటికి ఎరుపు సరిగా ఆనదు. పచ్చ దీపం మీద నల్ల టేపు చాలు.

టైమర్‌ను లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ దానికి మార్చండి. పక్క స్విచ్‌ను పీకేయండి. తప్పదంటే గంట తర్వాత దానంతట అదే ఆరేది పెట్టించండి. సోమవారం సోమవారం టైమర్ గంటను చేతిగడియారంతో పోల్చి కార్డు మీద సంతకం చేయండి. మార్చిన మర్నాడే ప్లగ్‌లు వెతకవద్దు. వాటి గడియారం సర్దుకోవాలి, ఆపై ఒకటి రెండు చక్రాలు నడవాలి. మూడు వారాలు ఆగండి. నాకు నాలుగో వారంలో ప్లగ్‌లు కనబడ్డాయి, అవే జతల్లో, అదే దాణాతో.

పుడుతున్నాయి, మూడో రోజుకు ఉండవు

తల్లి తినేసిందని తిట్టకండి. చాలావరకు చచ్చినదాన్నే తింటుంది. పుట్టిన మొదటి రోజు పిల్ల పొట్ట ఎడమవైపు చర్మంలోంచి తెల్లటి పాలచుక్క కనబడుతుంది. అది ఉంటే పాలు అందుతున్నట్టు, ఇబ్బంది వేరేచోట ఉన్నట్టు. లేకపోతే మళ్ళీ నీటిసీసా దగ్గరికి వెళ్ళండి.

గూటికి ఏమిచ్చారో చూడండి. మనకు హాయిగా ఉండే 22 డిగ్రీలు చిట్టెలుకకు చలి. దానికి 30 దగ్గర బాగుంటుంది. అందుకే గూడు. తలా ఒక టిష్యూ కాగితం వేసి గూడు ఇచ్చామంటారు. చించిన కాగితం 8 నుంచి 10 గ్రాములు తూచి వేయండి, రాత్రికి రాత్రే పైకప్పుతో సహా కట్టుకుంటుంది. కడుపు 18వ రోజు నుంచి ఈనిన మూడో రోజు వరకు కేజ్ మార్చవద్దు. మార్చక తప్పకపోతే పాత గూడును చెదరకుండా అలాగే కొత్త కేజ్‌లో పెట్టండి. తొలిచూలు పోతే పోనివ్వండి. రెండో ఈత కూడా పోయినప్పుడే ఆ తల్లిని అనుమానించాలి.

పక్క గదిలో డ్రిల్లింగు జరిగితే మీకే తెలుస్తుంది. మనకు వినబడని శబ్దాలు చేసే పరికరాలూ ఉంటాయి. గదిలోకి కొత్తగా ఏదైనా యంత్రం వచ్చిన వారమే పిల్లలు పోవడం మొదలైతే ముందు దాన్ని బయట పెట్టించండి.

మిగిలినవి

పిల్లల సంఖ్య ప్రతి ఈతలోనూ మామూలుకంటే దాదాపు నాలుగో వంతు తక్కువగా ఉంటే, జన్యుమార్పు చేసిన జాతి అయితే, ఆ జన్యువు రెండు ప్రతులూ ఉన్న పిల్లలు కడుపులోనే పోతున్నాయేమో చూడండి. వైరస్‌లు, దాణాలోని సోయా ఈస్ట్రోజెన్లు (ఆడ హార్మోనులా పనిచేసే పదార్థాలు) కూడా కారణం కావచ్చు, కానీ వారం రోజుల వీడియో చూడకుండా నాకు వాటి గురించి ఫోను చేయకండి.