చల్లని ఇంజన్ మీదే తేలిన సెన్సార్ లోపం

అనంతపురంలో మా బీఎస్‌-6 డీజిల్ బండికి ఇంజన్ లైటు వెలిగి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తనంతట తాను శుభ్రపడడం ఆగిపోయింది. స్కానర్‌లో పీ0544 కోడ్ వచ్చింది; అది మొదటి ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత సెన్సార్ సర్క్యూట్‌లో లోపముందని చెబుతుందే గాని, సెన్సారే చెడిందని చెప్పదు. అందుకని రాత్రంతా నిలిపి ఉంచిన బండిని తెల్లవారాక, స్టార్ట్ చేయకముందే పరీక్షించాను. మిగిలిన సెన్సార్లు బయటి గాలికి సమానంగా 28 డిగ్రీలు చూపుతుండగా, మొదటిది వెయ్యి దాటింది. ఇంత తేటగా లోపాన్ని పట్టించే పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇది సున్నా డిగ్రీల వద్ద 200 ఓమ్‌ల నిరోధం ఉండి, వేడి పెరిగేకొద్దీ అది పెరిగే ప్లాటినం రకం. కనుక ప్లగ్ ఊడదీసి కొలిస్తే సుమారు 220 రావాలి, కానీ మల్టీమీటర్ సర్క్యూట్ తెగినట్టే చూపింది. ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) నుంచి వచ్చే వైర్లలో 5 వోల్టులు సక్రమంగా ఉన్నందున సెన్సార్‌నే మార్చాను. కోడ్ చెరిపి, స్కానర్‌తో రీజనరేషన్ (డీపీఎఫ్‌లోని మసిని కాల్చి శుభ్రం చేయడం) చేయించగా అది పూర్తిగా జరిగింది.