కార్బన్ సైకిల్‌కి దెబ్బ తగిలిందా? తొక్కొచ్చో లేదో ఇలా తేల్చుకోండి

స్టీల్ ఫ్రేముకి గట్టి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, లేదా వంగుతుంది. ఎంత పాడైందో కంటికే తెలిసిపోతుంది. కార్బన్‌లో ఆ సౌకర్యం లేదు. పలుచటి కార్బన్ నార పొరల్ని ఒకదానిమీద ఒకటి పరిచి, ఎపాక్సీ రెసిన్ అనే జిగురుతో అతికించి ఫ్రేము గొట్టాలు చేస్తారు. దెబ్బకి లోపలి పొరలు విడిపోయినా పై పొర ఠక్కున వెనక్కి వచ్చి ఎప్పటిలాగే నిలబడొచ్చు. బయట వెంట్రుకంత గీత ఉంటే ఉంటుంది, అదీ లేకపోవచ్చు. కాబట్టి మచ్చ సైజు చూసి నిర్ణయం తీసుకోకండి. దెబ్బ ఎక్కడ తగిలింది, దేనితో తగిలింది, కింద పొరలు అతుక్కునే ఉన్నాయా అన్నవే అసలు ప్రశ్నలు.

చూసే ముందు సైకిల్ కడగాలి. అరబకెట్ నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెత్తటి గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. మట్టి మీద చూస్తే గీతలన్నీ పగుళ్లలాగే కనిపిస్తాయి. టార్చి, గుప్పెడు దూది, ఒక రూపాయి నాణెం, మాస్కింగ్ టేపు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) దగ్గర పెట్టుకోండి.

పెయింట్ మీద గీత ఉంది. పెయింట్ వరకేనా, కార్బన్ దాకా వెళ్లిందా?

టార్చిని గొట్టానికి దాదాపు ఆనించి, ఏటవాలుగా వెలుగు వేయండి. ఎగుడుదిగుడు ఉంటే నీడ పడుతుంది. తర్వాత దూదిని గీత మీద తేలిగ్గా లాగండి. పోగులు చిక్కుకుంటే కార్బన్ నార తెగి పైకి లేచిందని అర్థం. పెచ్చు లేచిన చోట ప్రైమర్ రంగు కనిపించినా, కింద నల్లగా నున్నగా ఉన్నా సాధారణంగా అది రాయి ఎగిరి తగిలిన దెబ్బే. శుభ్రం చేసి, రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే సరిపోతుంది. ఆ పూత తేమ నుంచి కాపాడుతుందే తప్ప బలం ఇవ్వదు. నలుపులో తెల్లటి పొడిలాంటి గీతలు కనిపించినా, చీలిక చుట్టూ కొద్దిగా గుంట పడినా రెసిన్ నలిగిందని అనుమానించాలి.

ఇక నాణెం పరీక్ష. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. నాణెం అంచుతో, గోరుతో తట్టినంత బలంతోనే, మచ్చకి పది సెంటీమీటర్ల అవతల మొదలుపెట్టి అర సెంటీమీటరుకోసారి తడుతూ దగ్గరికి రండి. పొరలు బాగుంటే టిక్ టిక్‌మని స్పష్టంగా మోగుతుంది. విడిపోయిన చోట ఆ మోత చచ్చిపోయి అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. జాయింట్ల దగ్గర గోడ మందం పెరుగుతుంది కాబట్టి శబ్దం నెమ్మదిగా మారడం సహజమే. రూపాయి బిళ్లంత మేర ఉన్నట్టుండి మారితేనే అనుమానించాలి. రెండో వైపు సరిగ్గా అదే చోట తట్టి పోల్చుకోండి. లోపల కేబుళ్లు కదిలితే చెవి మోసపోతుంది, ఒకటికి రెండుసార్లు వినండి. ఈ పరీక్ష దొంగను పట్టించగలదు గానీ, దొంగ లేడని హామీ ఇవ్వలేదు. మందమైన చోట్ల, అంటే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు కూర్చునే చోటు), హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ఫ్రేము ముందు గొట్టం) దగ్గర, దీన్ని అసలు నమ్ముకోకండి. అక్కడ అల్ట్రాసౌండ్‌తో చూసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

పడినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి టాప్ ట్యూబుని (ఫ్రేము పై గొట్టాన్ని) కొట్టింది

కార్బన్ సైకిళ్లకి తరచుగా తగిలే దెబ్బల్లో ఇదొకటి, చాలామంది చూడకుండా వదిలేసేదీ ఇదే. మోకాలు కొట్టుకుపోయిందా, గేర్లు పడుతున్నాయా అని చూసుకుంటారు గానీ బ్రేక్ లీవర్ వెళ్లి టాప్ ట్యూబు పక్కన గుద్దిందని గమనించరు. బరువు తగ్గించడానికి ఆ గొట్టం నడిమధ్య గోడను చాలా పలుచగా చేస్తారు. పై నుంచి వచ్చే బరువును అది మోస్తుంది గానీ పక్క నుంచి ఒక్క బిందువు మీద పడే పోటుకి తట్టుకోలేదు.

హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి లీవర్ ఎక్కడ తగులుతుందో గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఆ చోట బొటనవేలితో ఓ మోస్తరుగా నొక్కండి. ఆ తర్వాత రెండో వైపు నొక్కండి. ఒకవైపు ఎక్కువ లోపలికి పోతున్నా, నొక్కినప్పుడు చిటపటమన్నా పొరలు విడిపోయినట్టే. ఇక తొక్కకండి.

కాకపోతే బాగుచేయడానికి అన్నిటికంటే వీలైన చోటు కూడా ఇదే. కార్బన్ రిపేర్ తెలిసినవాళ్లు దెబ్బతిన్న పొరల్ని చుట్టూ ఏటవాలుగా, మెట్లు మెట్లుగా అరగదీసి, తీసినన్ని పొరల్ని అదే నార దిశలో మళ్లీ పరిచి, రెసిన్ గట్టిపడేదాకా ఒత్తిడిలో ఉంచుతారు. నార ఏ దిశలో ఉందన్నదే బలమంతా. ఎంసీల్ పెట్టి పైన రంగేస్తే పనికిరాకపోవడానికి కారణం ఇదే. అందులో నార ఉండదు, బరువు పట్టదు, పైగా పగులుని కప్పేసి తర్వాత చూసేవాళ్లకి కనపడకుండా చేస్తుంది. ఇంట్లో మీరే అరగదీయాలనుకుంటే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని తడిపి రుద్దండి.

ఫోర్కు, స్టీరర్, హ్యాండిల్ మీద ఏదో ఉంది

ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునేది ఫోర్కు, దాని నుంచి పైకి హ్యాండిల్ దాకా వెళ్లే గొట్టం స్టీరర్. ఇక్కడ నియమం ఒక్కటే. అనుమానం వస్తే మార్చేయండి. చైన్ స్టే (పెడళ్ల దగ్గర్నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టం) విరిగితే బండి వెనకాల తూలుతుంది, ఆపుకోవడానికి కాస్త సమయం దొరకొచ్చు. స్టీరర్ విరిగితే హ్యాండిల్ చేతిలోకి వచ్చేస్తుంది, మొహం రోడ్డుకి తగులుతుంది. వీటిని రిపేర్ చేయించాలని చూడకండి, కొత్తది వేయించండి. దారిలో పడ్డప్పుడు ఈ మూడింట్లో దేనిమీద అనుమానం వచ్చినా సైకిల్‌ని ఆటోలో వేసుకుని ఇంటికి రండి.

స్టీరర్‌ని పైనుంచి చూసి తేల్చలేం. స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి బిగించే భాగం) విప్పి, ఫోర్కు కిందికి లాగి, గ్రీజంతా తుడిచి చూడాలి. రెండు చోట్ల జాగ్రత్తగా చూడండి: స్టెమ్ కింది అంచు ఆనే చోట, కింది బేరింగ్ కూర్చునే క్రౌన్ (ఫోర్కు రెండు కాళ్లూ కలిసే చోటు) పైభాగంలో. అడ్డంగా చుట్టూ గీత ఉండి గోరు పట్టుకుంటే ఫోర్కు అయిపోయినట్టే. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల సెట్టు) వదులుగా ఉండగా నెలల తరబడి తొక్కితే అందులోని కంప్రెషన్ రింగు రంపంలా కోసి ఆ గాడి పెడుతుంది. నిలువు పగుళ్లు ఉంటే స్టెమ్ బోల్టులు అతిగా బిగించారన్నమాట, లేదా స్టీరర్ లోపల దన్నుగా ఉండే ఎక్స్‌పాండర్ ప్లగ్గు స్టెమ్ ఎత్తులో లేదు. ప్లగ్గు సరిగ్గా స్టెమ్ పట్టుకునే చోటనే లోపల ఉండాలి. లేకపోతే ఖాళీ గొట్టాన్ని పటకారుతో నొక్కినట్టవుతుంది.

హ్యాండిల్ బార్ టేపు విప్పకుండా బాగుందని చెప్పకండి. బ్రేక్ లీవర్ క్లాంప్ కిందా, స్టెమ్ పట్టు కిందా చూడాలి. పడినప్పుడు లీవర్ గట్టిగా లోపలికి తిరిగిపోయి ఉంటే క్లాంప్ అంచు కార్బన్‌ని కొరికిందేమో చూడండి.

సీట్ పోస్టు (సీటుని మోసే గొట్టం) జారుతోంది, బిగించినకొద్దీ చీలిక వస్తోంది

జారడానికి కారణం ఎక్కువగా నూనె, గ్రీజు, లేదా సైజు తేడా. పరిష్కారం మాత్రం ఇంకా బిగించడం కాదు. పోస్టుని బిగించే చాలా క్లాంపుల మీద 5 న్యూటన్ మీటర్లు అని ముద్రించి ఉంటుంది. మీ దానిమీద ఏ అంకె ఉంటే అదే హద్దు. పోస్టు తీసి, దాన్నీ, అది దూరే సీట్ ట్యూబు లోపలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కార్బన్ పేస్టు పూయండి. అందులోని సన్నటి రేణువులు తక్కువ బిగింపుకే పట్టు ఇస్తాయి. కనీసం ఇంతవరకు దిగాలని పోస్టు మీదున్న గీత దాకా లోపలికి దిగిందో లేదో చూడండి. పైపైన కూర్చుంటే బరువంతా సీట్ ట్యూబు పై అంచు మీద పడి అక్కడే చీలుతుంది. క్లాంపు కింది గాడి కొస నుంచి పగులు కిందికి పాకి ఉంటే రిపేరు చేయించేదాకా తొక్కడం ఆపండి.

తొక్కుతుంటే కిర్రుమంటోంది

కంగారు పడకండి, చాలాసార్లు ఇది పగులు కాదు. పెడళ్లు, సీట్ పోస్టు, రియర్ డెరైల్యూర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగం వేలాడే కొక్కెం), బాటమ్ బ్రాకెట్ ఒక్కొక్కటే విప్పి, తుడిచి, సరైన టార్కులో బిగించండి. ఒక్కో దాని తర్వాత తొక్కి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా కిర్రుమంటే ఫ్రేములో అతికించిన అల్యూమినియం స్లీవ్ (తొడుగు) ఊడి ఉండొచ్చు.

అల్యూమినియం భాగాల చుట్టూ పెయింట్ బుడగలు లేచినా అదే తరహా సమస్య. కార్బన్, అల్యూమినియం రెండూ ఉప్పు తడిలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. విశాఖలాంటి సముద్రతీరాల్లోనూ, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద చెమటోడ్చి తొక్కేవాళ్ల సైకిళ్లలోనూ ఇది చూడొచ్చు. నీళ్ల సీసా పెట్టే ఒక్క బాటిల్ కేజ్ బోల్టు దగ్గరే అయితే భయం లేదు, బాటమ్ బ్రాకెట్ దగ్గరైతే చూపించాలి.

గుంతలో పడ్డాక కార్బన్ రిమ్ము మీద గీత

టైరు విప్పి రెండు అంచులూ వేలితో చుట్టూ తడమండి. అంచు చీలితే టైరు గాలి ఒత్తిడికి ఎగిరిపోవచ్చు, చిన్నదైనా తొక్కకండి. రిమ్ బ్రేకులున్న చక్రమైతే బ్రేక్ పట్టే చోట ఉబ్బిందేమో కూడా చూడండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఆపకుండా పట్టుకుంటే వేడికి రెసిన్ మెత్తబడి అలా ఉబ్బుతుంది.

అన్నీ చూసి, పెయింట్ గీతేనని తేలిన చోట రెండు కొసల దగ్గర మాస్కింగ్ టేపు అంటించి, తేదీ రాసి ఫోటో తీసుకోండి. మొదటిరోజు చదును రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కి, దిగి చూడండి. యాభై కిలోమీటర్లయ్యాక మళ్లీ నాణెంతో తట్టండి. గీత టేపు దాటి పాకితే, అది పెయింట్ కాదు.